ఒకటో పక్షం

టేపు ఆపి, శిక్షకురాలు గదంతా ఒకసారి కలయజూసింది.

"ఇప్పుడేం జరిగింది?"

ఎదురుగా ముప్పైమంది అధికారులు. కరెంటు శాఖ, నీటి శాఖ, రవాణా శాఖ. గొడవపడే రెండు వర్గాల మధ్య కూర్చుని రాజీ ఎలా కుదర్చాలో నేర్చుకోవడానికి వచ్చారు.

"ఏం జరగలేదు మేడమ్," అన్నాడు కరెంటు శాఖాయన. "ఆయన మంచినీళ్లు తాగాడు."

గది గొల్లుమంది.

"ఒప్పేసుకున్నాడు," అందామె. "నోటితో అనడానికి ఇంకో పావుగంట పడుతుంది. అంతే."

మళ్లీ మీట నొక్కింది. సరిగ్గా పద్నాలుగో నిమిషంలో ఆ గొంతు, "సరేలెండి, కానివ్వండి," అంది. కరెంటు శాఖాయన నోట్లో బిస్కెట్టు నోట్లోనే ఉండిపోయింది.

"మంత్రమేమన్నా వేశారా మేడమ్?"

"వినడం వస్తే చాలండీ. మంత్రాలెందుకు?"

టేపంటారు గానీ, అదెప్పుడో కంప్యూటర్లోకి ఎక్కేసింది. ఏనాటిదో బస్సు డ్రైవర్ల సమ్మె. బొమ్మ లేదు; యాభై నిమిషాల చర్చ, వెనకాల ఫ్యాను కిరకిర. డ్రైవర్ల తరఫున మాట్లాడేది ఒకటో పక్షం, యాజమాన్యం తరఫున మాట్లాడేది, ఇందాక మంచినీళ్లు తాగినదీ రెండో పక్షం. పేర్లు లేవు. వాళ్లెవరో తెలిసిన శిక్షకుల చేతికి ఆ టేపు ఇవ్వరు. సంస్థ గడప దాటి అది బయటికి పోకూడదు. పాఠాల్లోంచి తీసేసిన రోజున చెరిపేయాలి. ఆ షరతుల మీదే రెండు పక్షాలూ సంతకాలు పెట్టాయి.

ఒకటో పక్షం మహా మాటకారి. "మీరొక్కసారి మా బస్సెక్కండి సార్. దిగాక మీ ఎముకలు మీరే ఏరుకుందురుగాని," అంటాడు. ఏ బ్యాచైనా అక్కడ నవ్వాల్సిందే. ఆరేళ్లుగా వింటున్నా ఆమె కూడా నవ్వుతుంది, అందరికంటే ఒక్క క్షణం ముందు.

ఆ సాయంత్రం, కొత్తగా చేరిన తోటి శిక్షకురాలు పరుగున వచ్చింది.

"అక్కా, కొత్త వీడియోలు వచ్చేశాయి! బొమ్మ అద్దంలా ఉంది. ఇక మీ డొక్కు బస్సుకి సెలవు."

"ఎప్పట్నుంచి?"

"సోమవారం నుంచి. అదేంటక్కా, ముఖం అలా పాలిపోయింది?"

ఆమె తిన్నగా డైరెక్టరు గదిలోకి వెళ్లింది.

"ఆ టేపు ఉండాలి సార్."

"ఎందుకమ్మా?"

"పాఠం బాగా వస్తుంది."

"కొత్తవాటితో ఇంకా బాగా వస్తుంది. పైగా ఇందులో ఎవరైనా గొంతు గుర్తుపట్టారనుకో, మన మెడకు చుట్టుకుంటుంది."

ఆమె బేరానికి దిగింది. కిటికీ ఉన్న తన గది వదులుకుంటానంది. తనకు రాబోయే పెద్ద పదవి ఇంకొకరికి ఇమ్మంది. సెలవు రోజుల్లో కూడా వచ్చి పాఠాలు చెబుతానంది. 'ఉన్నదంతా ఒక్కసారే బల్లమీద పెట్టేయకండి' అని లోకానికంతా నేర్పే మనిషి, అడక్కుండానే ఒక్కొక్కటీ తెచ్చి పెట్టేస్తోంది.

డైరెక్టరు కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. మంచివాడే.

"నువ్వే చెబుతావు కదమ్మా, మనిషి అడిగేది వేరు, దాని వెనకున్న అవసరం వేరు అని. నీ అవసరమేంటో చెప్పు. ఏదో ఒక దారి చూద్దాం."

 

"అందులో ఒక్క మాట కూడా పోకూడదు సార్. అంతే."

"ఓస్, ఇంతేనా!" ఆయన ముఖం వెలిగిపోయింది. "ఒక్క మాటా పోదు. గొంతులు మాత్రం మెషిన్లో పెట్టి మార్పించేద్దాం. మాటలు అవే, గొంతులు వేరు. శుక్రవారం సాయంత్రం పాతది చెరిపేద్దాం. నీ పాఠం నీకుంటుంది, నా భయం నాకు తీరుతుంది. నీ గది కూడా నువ్వే ఉంచుకో, నాకెందుకు!"

రెండు పక్షాలూ గెలిచే రాజీ అంటే అదే. పాఠంలో ఉదాహరణగా చెప్పుకోవచ్చు.

ఆమె తలుపు వైపు తిరిగింది. "సరే సార్," అంది.

శుక్రవారం, ఆఖరి తరగతి. టేపు పెట్టింది. ఈసారి ఎక్కడా ఆపలేదు. ఎవర్నీ ఏదీ అడగలేదు. బస్సు ముచ్చట దగ్గర అందరూ విరగబడి నవ్వారు. ఆమె కళ్లు మూసుకుంది.

చర్చ ముగిసింది. కుర్చీలు జరుపుతున్న చప్పుడు. ఆమె ఆపలేదు. ఆ చప్పుళ్ల మధ్య ఒకటో పక్షం ఎవరితోనో అంటున్నాడు: "వస్తానండీ. ఇంటిదగ్గర ఎదురుచూస్తూ ఉంటుంది."

తలుపు మూసుకున్న శబ్దం. తర్వాత ఫ్యాను కిరకిర ఒక్కటే.

"బేరం కుదిరిపోయింది కదా మేడమ్," అన్నాడు కరెంటు శాఖాయన. "ఈ చివరి ముక్కలో నేర్చుకోవాల్సిందేముంది?"

"ఏమీ లేదండీ," అందామె. "ఊరికే వినండి."

ఆ ఒకటో పక్షంతో ఆమె ఇరవై రెండేళ్లు కాపురం చేసిందనీ, చనిపోయిన ఆయన గొంతు ఈ భూమ్మీద మరెక్కడా మిగల్లేదనీ ఆ గదిలో ఎవరికీ తెలియదు.