రెండోసారీ పదకొండు

సింధూరి మాట మీద తండ్రికి నమ్మకం పోయింది ఫస్టియర్ మొదటి సెమిస్టరు ఫలితాలు వచ్చిన రోజున.

అన్నీ పాసయింది. కాలిక్యులస్ ఒక్కటే పోయింది. పదకొండు మార్కులు.

"ఏటే ఇది?" అచ్చిబాబు హార్డ్‌వేరు కొట్లోంచి లేచి వచ్చాడు. "మిడ్ పరీక్షలో పదకొండొస్తే జొరమన్నావు. మరిప్పుడూ పదకొండే! ఇప్పుడేం రోగం?"

"ఆరు ప్రశ్నలూ రాశాను నాన్నా. సచ్చీ, పక్కా రాశాను."

"రాస్తే మార్కులేవి? కాకెత్తుకుపోనాదా? బాగా రాసిందని మన హోప్ టౌనంతా చెప్పుకున్నాను నేను!"

నాలుగిళ్ల అవతలే పూర్ణచంద్ర ఇల్లు. కాలేజీలో సింధూరి క్లాసుకి కాలిక్యులస్ చెప్పేదీ, పేపర్లు దిద్దిందీ ఆయనే. అచ్చిబాబు కూతుర్ని వెంటబెట్టుకుని తిన్నగా అక్కడికే వెళ్లాడు.

"మీ మీద కోపం లేదు మాస్టారూ. ఎరిగున్నోళ్ల పిల్ల అని కూడా చూడకుండా ఉన్నది ఉన్నట్టేశారు. మనిషంటే అలా ఉండాలి. కానీ ఇది బాగా రాశానంటోంది. మళ్లీ దిద్దించమని కాగితం పెట్టమంటారా?"

పూర్ణచంద్ర తను కూర్చున్న కుర్చీని కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

"అది తేలేసరికి రెండు నెలలు పడుతుంది. ఈలోగా సప్లిమెంటరీ దాటిపోతుంది. రేపట్నుంచి సాయంత్రం పంపండి, నేను చెబుతాను. తప్పు నాది."

"విన్నావా పెద్దమనిషి మాట!" అచ్చిబాబు కూతురి వైపు తిరిగాడు. "చదవనిది నువ్వు, తప్పు ఆయనదట. ఇంకోసారి పోయిందంటే సీటు ఒగ్గీసి కొట్లో కూకో. మేకులు తూకం వేద్దువుగాని."

సింధూరి నేల చూసింది. పూర్ణచంద్ర కూడా.

మర్నాడు సాయంత్రం ఆయన ఒక ఇంటిగ్రేషన్ లెక్క ఇచ్చాడు. ఆ పిల్ల నాలుగు వరుసల్లో చేసేసింది. క్లాసులో సగం మంది మరిచిపోయే ఆఖరి స్థిరాంకం 'సి' కూడా పెట్టింది.

"ఈ సి ఎందుకు?"

"వైజాగ్ ఓడ ఎంత వేగంతో పోతోందో తెలిస్తే ఎంత దూరం పోయిందో చెప్పగలం సర్. ఎక్కడ బయల్దేరిందో మాత్రం లెక్కలో దొరకదు. అది ఎవరో ఒకరు మనకి చెప్పాలి."

"ఎవరు చెప్పారు నీకిలా?"

"మీరే సర్. ఆగస్టులో."

ఆయన పుస్తకంలో పేజీ తిప్పాడు. మళ్లీ వెనక్కి తిప్పాడు.

పొద్దున్నపూట కాలేజీకని ఇద్దరూ ఎక్కేది అవతలి ఒడ్డున చాథం రేవుకి వెళ్లే బోటే. బోటెక్కి దిగేలోగా ఏదో ఒక పని చక్కబెట్టుకోవడం ఆ దీవులవాళ్లకి అలవాటు. చిక్కుళ్లు ఒలిచేవాళ్లు ఒలుస్తుంటారు, హోంవర్కు ఎక్కించుకునే పిల్లలు ఎక్కించుకుంటారు. పూర్ణచంద్ర కూడా ఇదివరకు పైన బెంచీ మీద కూర్చుని ఏదో ఒకటి చేసుకునేవాడు. ఈమధ్య కింద, జనం మధ్య, ఊరికే కూర్చుంటున్నాడు.

"పైకి రారా సర్?" అని సింధూరి ఒకసారి పిలిచింది.

"గాలి పడటం లేదమ్మా."

మొదటి వారమంతా ఆ పిల్ల ఒకటే మాట అంటూ వచ్చింది. "ఈ లెక్క పరీక్షలో వచ్చింది సర్. సరిగ్గా ఇలాగే చేశాను." ఆయన ఊఁ అనేవాడు. మూడో వారానికి మాట మారింది.

"చేశాననుకున్నానేమో సర్. నాన్న రోజూ ఝూటీ, అబద్ధాలకోరు అంటుంటే, ఆ వేళ ఏం రాశానో నాకే తెలియడం లేదు."

పూర్ణచంద్రకి చెవులు వేడెక్కాయి. పద్దెనిమిదేళ్ల పిల్ల ఎదుట తలెత్తలేని మాస్టారు, ఎవరి ఎదుట ఎత్తగలడు?

"తర్వాతి లెక్క చూడు" అన్నాడు.

ఆ ఆదివారం అచ్చిబాబుతో ఒక మాట చెప్పాలని కొట్టుదాకా వెళ్లాడు. లోపల బేరాలు నడుస్తున్నాయి. "రండి మాస్టారూ, ఏం కావాలి?" అని అచ్చిబాబు స్టూలు తుడిచి వేశాడు. పూర్ణచంద్ర అరకిలో మేకులు కొనుక్కుని ఇంటికొచ్చాడు. ఇంట్లో మేకు కొట్టే పనేమీ లేదు.

సప్లిమెంటరీ పేపర్లు తనకి వద్దన్నాడు. తెలిసిన పిల్ల రాస్తోంది, ఇంకెవరికైనా ఇవ్వండి అన్నాడు. స్టాఫ్ రూములో ఆ మాట కూడా గొప్పగానే చెప్పుకున్నారు.

సింధూరికి అరవైకి యాభై ఎనిమిది వచ్చాయి.

అచ్చిబాబు జిలేబీల పెట్టెతో, శాలువాతో వచ్చాడు. ఆ ఉక్కపోతలోనే పూర్ణచంద్రకి శాలువా కప్పాడు. ఆయన దాన్ని తీసెయ్యలేక, ఉంచుకోలేక, అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"మట్టిముద్దకి రూపం తెచ్చారు మాస్టారూ! మీరు గాని లేకపోతే ఈపాటికి మా కొట్లో మేకులు తూస్తుండేది." తర్వాత కూతురి భుజం తట్టాడు. "ఇంట్లో అనుకున్న మాట చెప్పు, బేటీ."

సింధూరి రెండడుగులు ముందుకొచ్చి చేతులు కట్టుకుంది.

"సారీ సర్. అప్పుడు బాగా రాశానని అందరికీ అబద్ధం చెప్పాను. మీరే మార్కులు సరిగ్గా వెయ్యలేదని కొందరు అనుకున్నారు. నావల్ల మీకు మాటొచ్చింది."

తండ్రి చెప్పమన్నాడని అంటున్న మాట కాదది. తను అబద్ధమే చెప్పానని ఆ పిల్ల ఇప్పుడు నిజంగానే నమ్ముతోంది.

"బాగా చదువుకో" అన్నాడు పూర్ణచంద్ర. ఇంకేదో అనడానికి నోరు తెరిచాడు. అచ్చిబాబు అందులో జిలేబీ ముక్క పెట్టాడు.

బోటులో దిద్దుతూండగా సింధూరి మొదటి సెమిస్టరు పరీక్ష పేపరు గాలికి ఎగిరి సముద్రంలో పడిపోయిందనీ, అందులో ఒక్క వరుసైనా చదవకుండా మిడ్‌లో వచ్చిన పాత పదకొండు మార్కులే తాను మళ్లీ వేసేశాననీ పూర్ణచంద్ర ఇంకా ఎవరికీ చెప్పలేదు.