చీర అంచు ముడి

“పక్కూళ్లో మేం పండిస్తా ఉంటే, నూటయాభై కిలోమీటర్ల నుంచి తెచ్చి అమ్ముతావా గురూ?” మునక్కాయల కట్టను పైకెత్తి అరిచాడు రాజరత్నం. బయటి సరుకును పుదుచ్చేరిలోకి రానివ్వకూడదని కిరుమాంబాక్కం రైతులు రాసిన అర్జీ అతని చేతిలో నలుగుతోంది. పొద్దుట్నుంచి పెద్ద మార్కెట్టంతా తిరిగినా ఒక్క కొట్టువాడూ సంతకం పెట్టలేదు.

“నేనేం చేసేది మామా? మద్రాసు మండీ లారీలో ఏది దిగితే అది అమ్ముతా. మీరు ఒక్కనాడన్నా నా అంగడికి తెచ్చినారా?” అన్నాడు కూరగాయల కొట్టువాడు గురు.

“తెస్తే రెండు కట్టలు తీసుకొని చాలంటావు. మిగతాది ఏం చేసుకోవాల? అందుకే తోట కాడికొచ్చి అంతా ఎత్తుకుపోయే లారీకి వేసేస్తా. అది వేరే మాట! ఈ వడలిన కాయలు చూడు, ఎవుడు పండించినాడో!”

పక్కనున్న భార్య రంగమ్మాళ్ ఆ కట్టను అందుకుంది. దానికి చుట్టిన గుడ్డ పేలికను వేళ్లతో తడిమింది. పసుప్పచ్చ అంచు మీద నల్ల నెమళ్లు. మొన్న తోటలో తన పాత చీర చింపి ఆమె వేసిన ముడి, మద్రాసు దాకా పోయి వచ్చినా వదులు కాలేదు.

ఆ నెమళ్లను రాజరత్నమూ గుర్తుపట్టాడు.

గురుకి ఇదేం తెలియదు. పోరు పడలేక పెన్ను తీశాడు. “సరే, ఇట్లియ్యండి మామా. సంతకం యాడ పెట్టాల?”

రాజరత్నం కాగితం ఇవ్వలేదు.

“ఇప్పుడు చెప్పండి,” అంది రంగమ్మాళ్. “ఎవుర్ని రానీకూడదంటారు?”