వెళ్ళొస్తా

మా చంద్రమౌళి బావ యంత్రాలకి పని ఎలా చెప్పాలో పరిశోధన చేస్తాడు. ఇప్పుడు ఇళ్ళన్నీ ఆయన పద్ధతిలోనే నడుస్తున్నాయి. యంత్రం మనం అన్న మాటే వింటుంది, అనుకున్నది వినదు.

మొన్న విందుకి మా అలివేణి అక్క వంటగదితో "సాంబారులో ఉప్పు చూసి వెయ్యి" అంది. వంటగది ఉప్పుని కళ్ళారా చూసి, డబ్బా మొత్తం వేసింది.

బావ చుట్టాలందరి ముందూ నవ్వాడు. "యంత్రం తప్పు కాదు. మీ అమ్మాయికి మాట్లాడటం రాదు."

అక్క అన్నం మానేసింది. నేను శుభ్రంగా తిని, బావ కారుని వీధిగుమ్మానికి కలిపాను. ఇక గుమ్మంలో అన్న మాటే కారుకి ఆజ్ఞ.

ఇవాళ ఆ పద్ధతికే బావకి సన్మానం. "వెళ్ళొస్తా" అని కారెక్కాడు. కారు సన్మానం జరిగే హాలు గేటు దాకా వెళ్ళింది, ఆగకుండా తిరిగొచ్చింది.

"ఒరే బామ్మర్దీ, ఏం చేశావురా?"

"వెళ్ళొస్తా అన్నావు, వెళ్ళొచ్చావు కదా బావా!"

"అయితే వెళ్తున్నా అంటాను."

వాళ్ళమ్మ చెంపలేసుకుంది. "అపశకునంరా నాయనా! వెళ్ళొస్తా అనాలి."

బావ తల్లి మాట జవదాటడు. మళ్ళీ వెళ్ళొచ్చాడు. అక్కడ చప్పట్లు మొదలైపోయాయని ఫోనొచ్చింది. బావకి ఒళ్ళు మండింది.

"పోతున్నా! నేను పోతున్నా!" అని గుమ్మంలో అరిచాడు.

కారు కదల్లేదు. గుమ్మం ఆ మాటకి తగిన బండినే పిలిచింది: సందు మలుపులోంచి బంతిపూల దండలతో వైకుంఠ రథం వచ్చి ఆగింది. వేళకి చేర్చే బండి అదొక్కటే. బావ ఎక్కి పడుకున్నాడు.

"యంత్రం తప్పు కాదండీ, మీకే మాట్లాడటం రాదు" అని అక్క చెయ్యూపింది. తర్వాత లోపలికొచ్చి, కంచం పెట్టుకుని, సాంబారు రెండుసార్లు వేసుకుంది.