బిచ్చన్నతో మూడూళ్ల షికారు

"కిటికీ దిక్కు జరుగు," అని వరసకు అన్నయ్యే బిచ్చా చంద్రును సీటు లోపలికి నెట్టి, తాను ఈ చివర కూర్చున్నాడు. ఇంకేముంది, దారి బంద్. మోతెలో బస్సెక్కేటప్పుడే చంద్రుకు అనుమానం తగిలింది.

"నన్నెందుకన్నా తీస్కపోతున్నవ్? పొలంల నీళ్లు పెట్టేదుంది."

"నీళ్లు రేపు పెట్టుకో. ఇయ్యాల పొద్దుగూకేదాక నాతోనే ఉండాలె. సూర్యాపేటల కల్లు, కోదాడల బ్రాందీ, మిర్యాలగూడల సారా! ఎల్లుండి నీకు కాబోయే మామ ముంగట పెండ్లి ముచ్చట ఎత్తాలంటే నాకు హుషారు రావాలె గద!"

చంద్రు మనసుపడ్డ పిల్ల పేరు జమ్లీ. జమ్లీది హాలియా రోడ్డు మీది తండా. బిచ్చా అత్తగారిదీ అదే తండా. నాట్ల కాలంలో నిడమనూరు పొలాల్లో పరిచయమైంది ఆ పిల్ల. వాళ్ల నాయన ఎట్లా ఉంటాడో కూడా చంద్రుకు తెలియదు. తండ్రి లేని తన తరఫున ఆ ఇంట్లో మాట ఎత్తడానికి బిచ్చా తప్ప దిక్కు లేదు. ఈయనకు కోపమొస్తే కథ ఖతం.

కానీ జమ్లీ మాట ఇంకోటి ఉంది. "మా అన్న సారా తాగి తాగే పోయిండు. నీ నోట్ల వాసనొచ్చిన నాడు నా మొహం సూడకు," అని కళ్లనీళ్లు పెట్టుకుంది. తాగనని ఆమె చేతిలో చెయ్యి వేశాడు చంద్రు. ఇప్పుడు తాగితే పిల్ల పోతుంది, తాగనంటే పెళ్లిపెద్ద పోతాడు. మంచి ఇరకాటంలో పడ్డాడు పాపం!

సూర్యాపేట కల్లు దుకాణంలోనూ బిచ్చా అతణ్ణి గోడ పక్కకే తోశాడు. ఎదురుగా సీసా నురుగు కక్కుతోంది.

"కడుపుల నొస్తున్నదన్నా."

"కల్లు తాగు, తగ్గుతది."

"తలకాయ గూడ నొస్తున్నది."

"అయితే రెండు తాగు."

బిచ్చా నంజుకోవడానికి శనగ గుడాలు తేవడానికని లేచాడు. అదే అదునని చంద్రు పక్క బల్ల మీది ఎర్ర తలపాగా ముసలాయన ముందుకు సీసా జరిపాడు. "కాకా, జర నువ్వు తాగి పుణ్యం కట్టుకో."

ముసలాయన సీసాను చూశాడు, చంద్రును చూశాడు. "ఏం, నువ్వు తాగవా?"

"తాగ కాకా."

"తాగని మొగోడా! నా పుట్టుకల సూడలే," అని ముసలాయన పడీపడీ నవ్వాడు. "పొద్దుగూకనీ, నువ్వూ తాగుతవ్." సీసా ఎత్తి గటగటా దించేశాడు.

బిచ్చా తిరిగొచ్చి ఖాళీ సీసాను, ముసలాయనను మార్చి మార్చి చూశాడు. మీసం దువ్వుకుంటూ గుడాలు బల్ల మీద పెట్టాడు. హమ్మయ్య, పట్టుకోలేదనుకున్నాడు చంద్రు.

కోదాడ బస్సులో వెనక్కి తిరిగి చూస్తే, చివరి సీట్లో అదే తలపాగా! ఫుకట్‌గా దొరుకుతుంటే ఎవడొదులుతాడు, వెంటబడ్డాడు. పోనీలే, పనికొస్తాడు.

పనికొచ్చాడు కూడా. కోదాడలో బ్రాందీ షాపాయన, "ఏం బాబూ, గ్లాసుని అలా చూస్తా కూర్చున్నావేంటి? పుచ్చుకో," అని తొందరపెట్టాడు. బిచ్చా ఆయనతో మాటల్లో పడగానే గ్లాసు బల్ల కింద నుంచి వెనక బల్లకు పోయింది, ఖాళీగా తిరిగొచ్చింది.

"సల్లగుండు బిడ్డా," అన్నాడు ముసలాయన. నాలుక అప్పటికే మందమైంది.

మిర్యాలగూడ సారా దుకాణంలోనూ ముసలాయన పక్క బల్ల పట్టాడు. ఇక్కడ మాత్రం బిచ్చా కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. తన చేత్తో పోసి, గ్లాసు చంద్రు మూతి దగ్గర పెట్టాడు.

"నేను సూస్తుండంగ తాగు."

"వద్దన్నా."

"నా చేతితోని పోసింది వద్దంటవా? ఇగ ఎల్లుండి నేనెందుకు పోవాలె? వేరేటోన్ని సూసుకో."

చంద్రుకు ఏడుపొచ్చినంత పనైంది. ఒక్క గుక్కే కదా, జమ్లీకి ఎవరు చెప్తారు? చెయ్యి గ్లాసు దాకా పోయింది. జమ్లీ చేతిలో వేసిన చెయ్యి కూడా అదే. గ్లాసు తీసి బల్ల మీద పెట్టాడు.

"తాగనన్నా. పొద్దుగాల్నుంచి సుక్క గూడ ముట్టలే, అంతా ఈ కాకకే పోసిన. నువ్వు మాట ఎత్తకుంటే ఎత్తకు. ఆ పిల్లకు అబద్ధం చెప్పి పెండ్లి చేసుకోను."

బిచ్చా లేచి, చెప్పులు టపటపలాడిస్తూ వెళ్లిపోయాడు. ముసలాయన ఆ గ్లాసు కూడా ఖాళీ చేసి బల్ల మీద ఒరిగిపోయాడు.

పెళ్లిపెద్ద పోయె, తాగుబోతు మిగిలె! వదిలేసి పోదామంటే, తాగబోసింది తానే.

"ఏ ఊరు కాకా?"

"హాలియా... బస్సెక్కియ్యి."

బస్సులో ముసలాయన చంద్రు భుజం మీద వాలి, అతని అంగీ నిండా కక్కాడు. "గీడ్నే ఆపుమను," అన్న చోట దిగి, చంద్రు చుట్టూ చూశాడు. అది జమ్లీ వాళ్ల తండా స్టేజీ. బిచ్చాను సాగనంపడానికి ఒకసారి ఇక్కడి దాకా వచ్చాడు.

దేవుడా, ఆ పిల్ల బయట కనిపించకుంటే చాలు! అంగీలోంచి గుప్పుమంటున్న సారా కంపుతో, ముసలాయనను సగం మోసుకుంటూ నడిచాడు. పొద్దు అప్పుడే గుంకుతోంది. "గిదే ఇల్లు," అని ముసలాయన చెయ్యి చూపిన గుడిసె ముందు, లాంతరు అద్దం తుడుస్తూ జమ్లీ కూర్చుని ఉంది.

"ఒట్టు జమ్లీ, నేను తాగలే! ఈ కాకను దించిపోదామని..."

జమ్లీ లేచి దగ్గరికొచ్చింది. అంగీ కంపుకు మొహం చిట్లించింది. అతని నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. తర్వాత ఎర్ర తలపాగా వైపు తిరిగింది.

"బిచ్చా బావతోని కలిసి పొద్దంత పరీక్ష పెడితివి గద. ఇప్పుడన్న నమ్మినవా, నాయనా?"