వణకని చేతులు

మైరీ కర్ర వెనక్కి లేపగానే ఐసొబెల్ దగ్గింది.

మైరీ చెయ్యి ఆగలేదు. బంతి గాలిని చీల్చుకుంటూ పోయి జెండాకి దగ్గర్లో దిగింది.

"ఏమనుకోకు పిల్లా. ఈ సముద్రపు గాలి నా గొంతుకి పడదు," అంది ఐసొబెల్. ఆ గాలిలోనే పుట్టి, ఆ గాలిలోనే జుట్టు నెరిసిన మనిషి.

పోర్ట్ డార్న్ గోల్ఫ్ క్లబ్బులో ఆడవాళ్ల ఛాంపియన్‌షిప్ ఫైనల్ అది. ఐసొబెల్ ఇప్పటికే నాలుగుసార్లు గెలిచింది. మైరీకి ఒక్కసారి చాలు. పెళ్లికి ముందు, పంతొమ్మిదేళ్ల వయసులో, ఇదే ఐసొబెల్ మీద ఇదే ఫైనల్లో ఓడిపోయింది. జానెడు దూరంలో ఉన్న బంతిని గుంటలో వెయ్యలేకపోయింది. చేతులు అంతలా వణికాయి. ఆనాటి జనం నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది.

"నాకైతే ఎడింబరో నుంచి కోచ్ వస్తాడు," నడుస్తూ అంది ఐసొబెల్. "మనసు కుదురుకి. కళ్లు మూసుకుని ప్రశాంతంగా ఉన్న సరస్సుని ఊహించుకోమంటాడు. మరి నీకెవరు నేర్పారు?"

"ఇంట్లోనే. మా ఆయన."

"ఫెర్గసా? ఏం నేర్పుతాడేంటి?"

"కదలకుండా ఉండటం."

ఐసొబెల్ పకపకా నవ్వింది. మైరీ నవ్వలేదు.

ఫెర్గస్‌కి నడిసముద్రంలో, చమురు బావుల మీద పని. మూడు వారాలు అక్కడ, మూడు వారాలు ఇంట్లో. అతను అక్కడున్నప్పుడు మైరీ రెండు బస్సులు మారి ఈ మైదానానికి వస్తుంది. ఒంటికి సాధన. అతను ఇంట్లో ఉన్నప్పుడు గడప దాటదు. ఆ మూడు వారాలూ మనసుకి సాధన.

అది వంటింట్లో జరుగుతుంది. భుజాలు వదులుగా ఉండాలి. మోచేతులు ఒంటికి ఆనుకుని ఉండాలి. చూపు నేల మీదే. వెనకనుంచి పళ్లెం చెవి పక్కగా దూసుకెళ్లి గోడకి భళ్లున పగులుతుంది. ఖీమా, ఉడికిన బంగాళాదుంప గోడమీంచి మెల్లగా జారతాయి. తల తిప్పకూడదు. తిప్పితే మళ్లీ మొదటినుంచి.

తర్వాత పొయ్యి పక్కనున్న ఇనప కడ్డీ. బల్లమీద పరిచిన ఆమె వేళ్లకి అంగుళం ఇవతల దాన్ని దబ్బున దించుతాడు. వేళ్లు ముడుచుకోకూడదు. ముడుచుకుంటే రెండోసారి ఆ అంగుళం ఉండదు.

అరుపులు చెవి దగ్గరే. "మొద్దు మొహమా! ఎందుకూ పనికిరాని దానా!" మైరీ ముక్కుతో గాలి పీల్చి నోటితో మెల్లగా వదులుతుంది. మనసులో మొదటి గుంట దగ్గర నిలబడి ఆట మొదలుపెడుతుంది. గాలి ఎటు వీస్తోంది, గడ్డి ఎటు వాలింది, అన్నీ చూసుకుంటుంది. అతను జుట్టు పట్టి వంచేసరికి ఐదో గుంట దగ్గర ఉంటుంది. గోడకేసి నెట్టేసరికి తొమ్మిదోది. కొన్నిసార్లు పద్దెనిమిది గుంటలూ ఆడి ముగించాక కూడా సాధన అవ్వదు. అప్పుడు మళ్లీ ఒకటో గుంటకి వెళ్లి నిలబడుతుంది.

పన్నెండో గుంట దగ్గర గాలికి మైరీ చొక్కా చెయ్యి పైకి జారింది. ముంజేతి మీద పసుపు రంగుకి తిరిగిన పెద్ద మచ్చ. క్లబ్బు కెప్టెన్ ఊనా పెద్దావిడ, ఆటకి పెద్దమనిషిగా వెంట నడుస్తోంది. చూసేసింది.

"ఇదేంటే తల్లీ?"

"సాధనలో తగిలింది, ఊనా గారూ."

"మీ సాధన మండా! మా కాలంలో ఆటకి ముందు ఇంత టీ తాగి వచ్చేవాళ్లం, అంతే."

చివరి గుంటకి వచ్చేసరికి ఇద్దరూ సమానం. ఐసొబెల్ ఐదు దెబ్బల్లో ముగించింది. మైరీ మూడు కొట్టింది. ఆమె బంతి గుంటకి జానెడు దూరంలో ఆగింది. వేస్తే నాలుగే, ఒక దెబ్బ తక్కువతో గెలుపు.

మామూలుగా అంత దగ్గరికొచ్చిన బంతిని కొట్టి తీరాలని ఎవరూ పట్టుబట్టరు. ఎదుటి మనిషి "తీసుకో" అంటే చాలు, వేసినట్టే లెక్క. పొద్దుట్నుంచీ ఐసొబెల్ ధారాళంగా "తీసుకో, తీసుకో" అంటూనే ఉంది. ఇలాంటి చిన్న దెబ్బ మైరీ చేతికి అలవాటే కాకుండా చేసింది. ఇప్పుడు మాత్రం చేతులు కట్టుకుని నిలబడింది. పెదవి విప్పలేదు.

జనమూ నోరు మెదపలేదు. జెండా గుడ్డ ఒక్కటే టపటపలాడుతోంది.

మైరీకి ఈ పాఠం కూడా వచ్చు. అన్నిటికన్నా కష్టమైంది ఇదే. అరుపులు ఉన్నట్టుండి ఆగిపోతాయి. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. అతను వెనకే ఉంటాడు, ఊపిరి మెడకి తగులుతుంటుంది, మాటుండదు. దెబ్బ ఎటునుంచి వస్తుందో తెలీదు. వచ్చేదాకా చేతులు కదలకూడదు.

ముక్కుతో పీల్చింది. నోటితో వదిలింది. కర్ర కదిలింది.

టక్. బంతి గుంటలో పడింది.

ఐసొబెల్ టోపీ తీసి చెయ్యి చాపింది. ఈసారి వణికింది ఆ చెయ్యి.

"మీ ఆయన గట్టివాడే," అంది పాలిపోయిన మొహంతో.

"చాలా గట్టివాడు," అంది మైరీ.

ఊనా వెండి కప్పు ఎత్తుకుని, కెమెరా అబ్బాయిని వెంటేసుకుని, ఆయాసపడుతూ వచ్చింది. "నవ్వవే! రేపు పేపర్లో నీ బొమ్మే!"

మైరీ పక్కకి జరిగింది. "ఫోటో వద్దండీ."

"సిగ్గా? సరే, ఈ అబ్బాయిని రేపు రమ్మంటాను. రేపు ఫెర్గస్ వచ్చేస్తాడుగా! నీ పక్కన అతన్నీ నిలబెడదాం. ఇంత నేర్పినవాడు ఫోటోలో లేకపోతే ఎలా?"

మైరీ కర్రలన్నీ సంచిలో సర్ది, దాని మూతి కట్టి, తెచ్చి ఊనా కాళ్ల దగ్గర పెట్టింది.

"ఇది మీ దగ్గరే దాచండి ఊనా గారూ, నేను మళ్లీ ఆడుతున్నట్టు ఫెర్గస్‌కి తెలీదు."