పైవాటా మనిషి

సింకులో రెండు గ్లాసులున్నాయి.

పొద్దున ఆమె ఆఫీసుకు బయల్దేరేటప్పుడు సింకు ఖాళీగా ఉంది.

"ఎవరొచ్చారు నాన్నా?"

"ఎవరూ రాలేదమ్మా." తండ్రి మొహం తిప్పుకున్నాడు.



సైకలాజికల్ థ్రిల్లర్లంటే ఆమెకు కాలేజీ రోజుల నుంచీ పిచ్చి. బీరువా నిండా అవే. పది పేజీలు తిరగేస్తే చాలు, హంతకుడెవరో ఇట్టే పట్టేస్తుంది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకు దగ్గరయ్యే కొత్త మనిషి ఎప్పుడూ మెత్తగానే మాట్లాడతాడు. ఎన్ని నవలల్లో చదవలేదు!

పైవాటాలో కొత్తగా దిగినాయన కూడా మెత్తగానే మాట్లాడతాడు. నడివయసు మనిషి. ఒక్కడే ఉంటాడు. పగలంతా ఇంట్లోనే.

మర్నాడు తండ్రి చెప్పులకు పచ్చి బురద అంటుకుని ఉంది.

"బయటికెళ్ళావా?"

"నేనెక్కడికెళ్తానే?"

ఆ తర్వాత ఓ రోజు మోచేతికి కట్టు.

"ఎవరు కట్టారు?"

"నేనే."

ఒంటిచేత్తో అంత పొందికగా ఎవరు కట్టుకోగలరు?

చెల్లెలికి ఫోన్ చేసింది.

"అక్కా, ఆ పుస్తకాలు నీ బుర్రకెక్కాయి" అని నవ్వింది చెల్లెలు.

"ఎక్కబట్టే ముందుగా పసిగడుతున్నా!"

మధ్యాహ్నం సెలవు పెట్టి, చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చింది.

తలుపు ఓరగా తీసి ఉంది.

లోపల పైవాటా ఆయన. తండ్రి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ గట్టిగా పట్టుకుని, గొంతు తగ్గించి ఏదో చెబుతున్నాడు.

"ఏం చేస్తున్నారిక్కడ?"

అతను గబుక్కున లేచాడు. "ఏం లేదండీ... పెద్దాయన..."

తండ్రి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

అతను చెప్పబోయింది మింగేసి, తలుపు వైపు నడిచాడు.

'నాన్నను ఎంతగా బెదరగొట్టాడో!' ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ఇంకోసారి ఈ గడప తొక్కితే పోలీసుల్ని పిలుస్తాను!"

ఆ అరుపులకు వీధిలో నలుగురూ పోగయ్యారు. ఇంటి ఓనరుకూ అప్పటికప్పుడే ఫోన్ వెళ్ళింది.

అతను మెట్లెక్కబోతూ ఆగి, "తలుపు జాగ్రత్తండీ" అని మాత్రం అన్నాడు.

అది బెదిరింపు కాకపోతే మరేమిటి?

వారం తిరక్కుండా అతను ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఎక్కడికో ఎవరికీ తెలియదు.

ఆమె ఊపిరి పీల్చుకుని, కొత్త నవల మొదలుపెట్టింది.

మర్నాడు సాయంత్రం ఆమె వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. తండ్రి లేడు.

బయట ఒకటే వాన. గొడుగు కూడా తీసుకోకుండా వీధులన్నీ గాలించింది. కనబడ్డ వాళ్ళనల్లా అడిగింది. ఎవరూ చూడలేదన్నారు.

"పాత అచ్చాఫీసు దగ్గర చూశావా?" ఫోన్లో చెల్లెలు ఏడుస్తూ అడిగింది.

తండ్రి జీవితమంతా పనిచేసిన చోటు. మూతబడి ఏళ్ళయింది.

తుప్పుపట్టిన గేటు ముందు, తడిసి ముద్దై కూర్చుని ఉన్నాడు. వాచ్‌మన్ గొడుగు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

"నాన్నా!"

తండ్రి తలెత్తి చూశాడు. ఆ కళ్ళల్లో ఆమె లేదు.

"డ్యూటీకి ఆలస్యమైపోయిందండీ. గేటు తియ్యమని మీరైనా చెప్పండి" అన్నాడు.



"రోజూ ఇంతేనమ్మా" అన్నాడు వాచ్‌మన్. "రోజూ మీ అన్నయ్య వెనకాలే వచ్చి, నచ్చజెప్పి తీసుకెళ్తాడు. ఇవాళేంటి రాలేదు?"

"నాకు అన్నయ్య లేడు."

వాచ్‌మన్ తెల్లబోయాడు.

"అదేంటమ్మా! ఆ రోజు ఈయన కింద పడితే కట్టు కట్టిందీ ఆయనే. తెలివిలోకొచ్చినప్పుడల్లా ఈయన 'మా అమ్మాయికి చెప్పకు, ఉద్యోగం మానేస్తుంది' అని ఒట్టు వేయించుకుంటుంటే, ఆయన కళ్ళు తుడుచుకోవడం చూసి, కన్నకొడుకే అనుకున్నానమ్మా నేను!"