పిలిస్తే పలికే చిరునామా

“ఉత్త కంపెనీ పేరు రాస్తే ఎట్ల బిడ్డా? నీ పేరు గూడ రాయించు. పెద్దగ, అందరికి కనవడేటట్టు.”

తలుపు పక్క గోడకు బోర్డు బిగిస్తున్న గౌతమి స్టూలు మీది నుంచి కిందికి చూసి నవ్వింది. “రూలు ప్రకారం కంపెనీ పేరు, అడ్రసు ఉంటే చాలమ్మా.”

“అది సర్కారు రూలు. ఇల్లు నాది గద!” అంది వెంకటనర్సమ్మ.

ఆమె మాట తీసేయడం గౌతమికి ఇష్టం లేకపోయింది. సాయంత్రానికల్లా నాచారం మెయిన్ రోడ్డులో స్టిక్కర్ కొట్టించి, బోర్డు కింద తన పేరు అంటించింది.

ఆ గుమ్మం దొరకడమే గగనమైంది మరి. పోచారంలో ఉద్యోగం మానేసి, స్నేహితురాలు సాయి ప్రియతో కలిసి లిఫ్టులకు సెన్సర్లు చేసే చిన్న కంపెనీ పెట్టింది గౌతమి. రిజిస్టర్డ్ అడ్రసు కోసం ఏఎస్ రావు నగర్‌లో ఎవరో అద్దెకిచ్చే ఆఫీసులో బల్ల ఒకటి తీసుకుంటే, వాళ్లు చెప్పాపెట్టకుండా మూసేసి పోయారు. ఉత్తరాలు తిరిగి వెళ్లాయి. ఆఫీసరు స్వయంగా వచ్చి చూస్తాడని కంపెనీల రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి కబురొచ్చింది.

“పని ఎక్కడైనా చేసుకోండి మేడమ్,” అన్నాడు సీఏ కామరాజు. “చట్టానికి మాత్రం ఒక గుమ్మం కావాలి. పిలిస్తే పలికే మనిషుండాలి. ఆఫీసరు వచ్చి పిలిచినప్పుడు ఎవరూ పలక్కపోతే కంపెనీ పేరు రిజిస్టరులోంచి కొట్టేస్తారు.”

ఉప్పల్‌లో అడిగిన ఇళ్లవాళ్లంతా ‘కంపెనీ’ అనగానే తలుపులు వేసుకున్నారు. నాచారం ఫ్యాక్టరీల వెనక గల్లీలో, వీధిలోకే తలుపున్న ఈ పాత ఇంట్లో వెంకటనర్సమ్మ మాత్రం కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. అద్దె సంగతి ఎత్తలేదు.

“మీ అమ్మున్నదా బిడ్డా?”

“లేదమ్మా. చిన్నప్పుడే పోయింది.”

“నాయిన?”

“రైల్వేలో చేసేవారు. ఆయనా పోయారు.”

“లగ్గం?”

“ఇంకా కాలేదు.”

ముసలమ్మ ఆమెను చాలాసేపు చూసింది. కళ్లు తుడుచుకుని, అభ్యంతరం లేదన్న కాగితం మీద సంతకం పెట్టేసింది. కరెంటు బిల్లూ తీసి ఇచ్చింది. అమ్మ గురించి అడిగేవాళ్లు లేక ఎంతకాలమైందో! అనుకుంది గౌతమి.

ముందుగది ఆఫీసు. లోపలి గదికి ఎప్పుడూ బయటి నుంచి గొళ్లెం.

“మా కొడుకు మహిపాల్ ఉంటడు అండ్ల. పాణం బాగలేదు, బయటికి రాడు,” అంది వెంకటనర్సమ్మ. ఆమె తలుపు సందులోంచి పళ్లెం లోపలికి జరపడం చూసిందే తప్ప, గౌతమి ఆ మనిషిని చూడనే లేదు.

మొదటి రోజు మధ్యాహ్నం ఫ్యాక్టరీ సైరన్ మోగి ఆగాక, గల్లీలో ఎవరో పిలిచారు.

“మహిపాల్...”

ఆడగొంతో మగగొంతో తెలియలేదు. అన్నానికి పిలిచినట్టు మెల్లగా, ముద్దుగా ఉంది. లోపలి గదిలో మంచం కిర్రుమంది. వెంకటనర్సమ్మ పరుగున వెళ్లి ఆ తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

“ఎవరో పిలుస్తున్నారమ్మా!”

“పాత దోస్తులు. ఒక్కపారి పలికిండని వాణ్ణి ఆగం జేసిన్రు. పలుకకు.”

గౌతమి కిటికీలోంచి చూసింది. ఎండ తప్ప గల్లీలో ఎవరూ లేరు.

“మరి మా ఆఫీసరొస్తే?” అని అడిగింది.

“నీ పేరు వెట్టి పిలిస్తె జల్ది పలుకు బిడ్డా. ఆలిస్యం జెయ్యకు.”

ఆ తర్వాత రోజూ అదే వేళకు ఆ పిలుపు. రోజూ ముసలమ్మ ఆ తలుపుకు కాపలా. పక్కింటివాళ్లకు ఆ గొంతు వినబడ్డట్టే ఉండేది కాదు. సాయి ప్రియకు ఫోన్లో చెబితే, “తాగుబోతులై ఉంటారు. నువ్వు మాత్రం అక్కడ్నించి కదలకు,” అంది.

ఒకరోజు గౌతమి రావడం ఆలస్యమైంది.

“ఎవరైనా వచ్చారా అమ్మా?”

“ఎవ్వలు రాలె,” అంది వెంకటనర్సమ్మ. ఆ పూట జొన్నరొట్టె చేసి, తునకలు తుంచి పిల్లకు పెట్టినట్టు పెట్టింది. తినిపిస్తూ మాటిమాటికీ వీధి తలుపు వైపు చూసింది.

సైరన్ మోగింది. గల్లీ సద్దుమణిగింది. గోడ అవతల, సరిగ్గా బోర్డు ఉన్న చోట, ఎవరో అక్షరాలు కూడబలుక్కుంటున్నారు. అప్పుడే చదవడం నేర్చుకుంటున్నట్టు.

“గౌ... త... మి...”

బోర్డు చదువుతున్నారు. ఆఫీసరే! గౌతమి రొట్టె వదిలేసి లేచింది.

“ఆఁ, వస్తున్నా సార్!”

తలుపు తీసింది. గల్లీ ఖాళీ. అంత ఎండలోనూ గుమ్మం దగ్గర మాత్రం తడి గోనెపట్టా కప్పినట్టు చల్లగా ఉంది.

ఫోన్ మోగింది. కామరాజు.

“శుభవార్త మేడమ్! పొద్దున్నే ఆఫీసరు వచ్చి చూసి వెళ్లాడట. మీరింకా రాలేదట, ఇంటి పెద్దావిడే పలికి అన్నీ చూపించిందట. మన అడ్రసు ఓకే అయింది.”

గౌతమి వెనక్కి తిరిగింది. లోపలి గది గొళ్లెం తీసి ఉంది. ఎముకలగూడులాంటి మనిషి తల దువ్వుకుని, చెప్పులు వేసుకుని, ఆమె పక్కనుంచే ఎండలోకి అడుగుపెట్టాడు. గల్లీ చివరిదాకా చూసి, చిన్నపిల్లాడిలా నవ్వాడు.

“అమ్మా,” అంది గౌతమి. “ఇందాక నన్ను పిలిచిందెవరు?”

వెంకటనర్సమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

“ఇగ అది నా కొడుకును పిలువదు బిడ్డా.”